బూరెలకు నోచుకోని గెలుపు

మొన్న ఆదివారం మా సూర్యం మావయ్యను చూడడానికి విశాఖపట్నం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చేతికర్ర ఉంది, చెవి కొంచెం దూరం, తల ముగ్గుబుట్ట. మా ఇల్లు రెండు వీధుల అవతలే కాబట్టి ఆదివారం ఉదయాలు నేను మావయ్య దగ్గరే గడుపుతాను. ఆ రోజు అత్త కూడా కూతురింటికి వెళ్లింది. తలుపు తీసిన నన్ను చూసి ఆ పెద్దాయన పేరూ ఊరూ చెప్పకుండా, "ఈ ఇంట్లో నేను పనసపొట్టు కూర తిన్నానమ్మా, కుర్రతనంలో. ఇదే ఇల్లు కదూ?" అన్నాడు. లోపల పడక్కుర్చీలో పేపరు మొహం మీద వేసుకుని కునుకు తీస్తున్న మావయ్య, ఎనభై దాటిన మనిషి, గబుక్కున లేచి కూర్చున్నాడు. వచ్చినాయన పేరు రామ్మూర్తిగారు. ఒకప్పుడు మావయ్య జట్టుతో తలపడిన జట్టులో గోల్‌కీపరు. ఆయన ఆ పూట చెప్పిన సంగతి విలువ తెలియాలంటే ముందు మా అమ్మమ్మ వంటింటి సంగతి తెలియాలి.

మా నాన్న ఆమదాలవలసలో బియ్యం కొట్టు నడిపేవాడు. నన్ను మంచి హైస్కూల్లో చదివించాలని విజయనగరం తెచ్చి అమ్మమ్మ దగ్గర పెట్టాడు. అరవైల చివరి మాట. ఇంట్లో తాతయ్య, అమ్మమ్మ, అప్పటికింకా పెళ్లికాని మావయ్య, నేను. తాతయ్య కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇంటికి వచ్చిన ప్రతి మాటకీ ఎదుటి పక్షం తరఫున వాదించడం ఆయనకి ఆ ఉద్యోగం మిగిల్చిన అలవాటు. మావయ్య ఊళ్లోని ఒక కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్. కోచ్ అనే మాట మా వీధికి అలవాటు కాలేదు. అందరూ బంతాట మాస్టారనే పిలిచేవారు. అప్పట్లో బంతులు తోలువి. తడిసి ఆరితే బిరుసెక్కిపోతాయని మావయ్య వాటికి ఆముదం పట్టించి సావిట్లో తాడుకి వేలాడదీసేవాడు. దేవుడి గదిలోంచి సాంబ్రాణి, సావిట్లోంచి ఆముదమూ తోలూ కలిసిన వాసన, దండెం మీద ఎంత ఉతికినా చెమట కంపు వదలని చొక్కాలు, ఇవన్నీ కలిస్తేనే నాకు అమ్మమ్మ ఇల్లు. ఇప్పటికీ ఎక్కడైనా ఆముదం సీసా మూత తీస్తే నాకు ఆ సావిడే గుర్తొస్తుంది. బంతి లోపలి రబ్బరు తిత్తికి గాలి కొట్టి, దాని మెడ మడిచి కట్టి, తోలు మూతిని లేసుతో బిగించడం నా పని. ముడి పైకి తేలితే తలతో కొట్టినవాడి నుదురు గీరుకుపోతుంది. అందుకని మావయ్య నా ముడులను వేలితో తడిమి చూసేవాడు. బాగుంటే ఏమీ అనడు. బాగులేకపోతే, "ఇది పూలజడ కాదే" అనేవాడు.

అమ్మమ్మ వెలుగు రాకముందే లేచి సోడి అంబలి, అదే రాగి అంబలి, కాచేది. మావయ్య అందులో మజ్జిగ కలుపుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగి గ్రౌండుకి వెళ్లిపోయేవాడు. పోటీలు సాయంత్రం పూట జరిగేవి. ఆడవాళ్లు ఆటలు చూడడానికి వెళ్లే రోజులు కావవి. కానీ గ్రౌండు మా వెనక వీధిలోనే కావడంతో, పెరట్లో నూతి దగ్గర నిలబడితే చప్పుడు బట్టి గోలు ఎవరిదో తెలిసిపోయేది. మనవాళ్లది అయితే ఊరంతా ఒకేసారి అరిచినట్టుండేది. అవతలి వాళ్లదైతే గుప్పెడుమంది అరిచిన అరుపు, అంతే. ఆట అయ్యాక మావయ్య ఇంటికొచ్చి నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే అమ్మమ్మ తువ్వాలు పట్టుకుని నిలబడి ఒకే ఒక్క ప్రశ్న అడిగేది. నెగ్గేరా అని కాదు. అది ఆవిడకి పెరట్లోనే తెలుసు.

"ఎవులి మీద నెగ్గేరు?"

ఆ జవాబు మీదే ఆ రాత్రి భోజనం ఆధారపడేది. ఓడిపోతే ప్రశ్నా ఉండదు, మాటా ఉండదు, పొద్దుటి అంబలే రాత్రికీ. చిన్న ఊళ్ల జట్ల మీద గెలిస్తే రోజూ ఉండే పప్పుచారు పక్కన నాలుగు వడియాలు వేగేవి. బొబ్బిలి, శ్రీకాకుళం లాంటి గట్టి జట్ల మీదైతే గారెలు. బూరెలు మాత్రం ఒక్క జట్టుకే కేటాయించి పెట్టింది. అది విశాఖపట్నంలో సముద్రం కనిపించేంత దగ్గర్లో ఉన్న ఒక కాలేజీ. ఏటేటా కప్పు వాళ్లదే. అమ్మమ్మ వాళ్లని సముద్రపోళ్ళు అనేది. మావయ్య ఆ ఉద్యోగంలో చేరాక మా ఇంట్లో పండగలకి బూరెలు వేగాయి గాని ఆటకి వేగలేదు. ఈమధ్య మా మనవడు ఫోన్లో ఏదో చూసి, ఎక్కడో పరాయి దేశంలో కాలేజీ జట్లకి వరసలు కడతారని, పై వరసలో ఉన్న జట్లని ఎన్నిసార్లు ఓడించాడో చూసి కోచ్ గొప్పతనం తేలుస్తారని చెప్పాడు. "చిన్న టీముల మీద గెలిస్తే లెక్కలోకి రాదు నానమ్మా" అన్నాడు పెద్ద రహస్యం చెప్పినట్టు. నవ్వొచ్చింది. వాళ్లంతా కూడి కంప్యూటర్లతో చేస్తున్న పని మా అమ్మమ్మ ఒక్కర్తీ మూకుడుతో చేసింది.

తాతయ్యకి ఈ కొలత నచ్చేది కాదు. ఒకసారి పార్వతీపురం వాళ్ల మీద గెలిచి వస్తే వడియాలే వేగాయని ఆయన కంచం ముందు కూర్చుని కేసు మొదలుపెట్టాడు. "ఆళ్ళ మీద నెగ్గడం మాత్రం తేలికేటే? ఆ గ్రౌండు సూసేవా? అడుగడుక్కీ రాయే."

"ఆ రాళ్ళు ఆళ్ళకీ తగుల్తాయి కదా" అంది అమ్మమ్మ, చారు పోస్తూ.

మావయ్య ఇద్దరి మధ్యా తల దించుకుని తినేవాడు. ఒక్కోసారి మాత్రం, "అమ్మా, మా అప్పన్న ఉన్నాడే, నిరుడు ఆడికి బంతి ఆపడమే రాదు. ఈ ఏడు ఎడం పక్కన గాలిలా పోతన్నాడు. దానికేటి వండుతావు?" అని అడిగేవాడు. "దానికి ఆళ్ళమ్మ వండుతాది" అనేది అమ్మమ్మ. మావయ్య నవ్వేసేవాడు గాని, తన పనిని అలా కొలవాలని ఆయనకి లోపల ఉండేదని నాకు అప్పుడే అనిపించేది.

చిక్కేమిటంటే కాలేజీ కమిటీ ప్రెసిడెంటు గారిదీ అమ్మమ్మ కొలతే. మావయ్య ఉద్యోగం టెంపరరీ. ఏటా వేసవి ముందు, పొడిగిస్తారో లేదో అని ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. ఆ ఏడాది ప్రెసిడెంటు గారు మావయ్యను పిలిచి తేల్చి చెప్పేశారు. "చిన్నాచితకా కాలేజీల మీద నెగ్గుతున్నావు సూర్యం, కాదనను. ఆ విశాఖపట్నం వాళ్ల మీద ఒక్కసారి నెగ్గి చూపించు, పర్మనెంటు చేసేస్తాను. లేకపోతే వేరే మనిషిని చూసుకుంటాం. ఏమీ అనుకోకు." మావయ్యకి ఈ ఆట తప్ప వేరే పని తెలీదు. శృంగవరపుకోటలో ఒక సంబంధం అనుకున్నారు, వాళ్లూ పర్మనెంటు అయ్యాక మాట్లాడుకుందాం అన్నారు. మంచివాళ్లు పాపం, మొహమాటానికి ఒక బస్తాడు పిందె పనసకాయలు కూడా పంపించారు. ఆ పనసకాయలే కొంప ముంచాయని తర్వాత చాలా ఏళ్లు అనుకున్నాం.

సముద్రపోళ్ళు పొద్దుటి పాసింజరుకి దిగారు. ఆట సాయంత్రం. తీరా చూస్తే హాస్టలు వంటమనిషి సొంతూరు వెళ్లిపోయాడు, మెస్సు మూత. మావయ్య పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు. "అమ్మా, ఆళ్ళందరికీ ఇంత పప్పూ చారూ వండి పెట్టు. తేలిగ్గా ఉండాలి సుమీ" అని, గ్రౌండులో సున్నం గీతలు వేయించడానికి మళ్లీ పరిగెత్తాడు. తేలిగ్గా అన్న మాట అమ్మమ్మ చెవికెక్కలేదు. "సముద్రం కాడినుంచి మనింటికొచ్చినోళ్ళకి పప్పుసారు పోస్తే, రేపు ఊరెళ్ళి ఏటని సెప్తారు?" అంటూ కొంగు బిగించింది. పక్కింటి వాళ్లు వచ్చారు. చేతులకి నూనె రాసుకుని పనసకాయలు కొట్టారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, గోంగూర, మజ్జిగ మిరపకాయలు, గడ్డ పెరుగు. వడ్డనలో కూడా ఆవిడది ఒక పద్ధతి. కావాలా అని అడగదు. గరిటె పట్టుకుని నిలబడి, ఆకులో ఖాళీ కనిపిస్తే నింపేస్తుంది. ఖాళీ ఆకు ఆవిడకి నామోషీ. వాళ్ల కోచ్ గారు భారీ మనిషి, పెద్ద మీసాలు. "ఇంక లేవలేనమ్మా" అంటే, "లేవమని ఎవులన్నారు బాబూ" అని ఇంకో గరిటె పెరుగు వేసింది. తిన్నవాళ్లు తిన్నట్టే వీధి అరుగుల మీద చాపలు పరుచుకుని పడుకున్నారు. గురకలకి తాతయ్య సొంత ఇంట్లో మునివేళ్ల మీద నడిచాడు.

మావయ్య తిరిగొచ్చేసరికి పెరట్లో ఎంగిలాకుల గుట్ట. దాన్ని చూసి ఆగిపోయాడు. "ఏటి పెట్టేవమ్మా?" అన్నాడు. అమ్మమ్మ గర్వంగా ఒక్కొక్కటీ చెప్పింది. మావయ్య నూతి గట్టు మీద కూలబడి, "ఆట ఉన్నాది కదమ్మా" అన్నాడు.

"ఆట ఉంటే ఆకలుండదేటి?" అంది అమ్మమ్మ.

ఆ సాయంత్రం నూతి దగ్గర నిలబడి నేనూ అమ్మమ్మా ఆట విన్నాం. మొదటి సగంలోనే ఊరంతా అరిచింది. కాసేపటికి మళ్లీ అరిచింది. గుప్పెడు అరుపు కోసం చెవి రిక్కించాం, అది రానే లేదు. అమ్మమ్మ మొహం వెలిగిపోయింది. ఆట అవకముందే పొయ్యి మీద శనగపప్పు ఉడికింది, బెల్లం కలిసింది, యాలకులు దంచడం నా వంతు. పూర్ణం ఉండలు చేసి పళ్లెంలో వరసగా పేర్చి, నూనె మూకుడు పెట్టబోతుంటే వీధిలో కుర్రాళ్ల కేకలు వినిపించాయి. మావయ్యను భుజాల మీద మోసుకొచ్చి గుమ్మం దగ్గర దింపారు. అమ్మమ్మ తువ్వాలు తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ఆ ప్రశ్న అడిగింది. మావయ్య చాలాసేపు కాళ్లు కడుక్కుంటూనే ఉన్నాడు.

"సముద్రపోళ్ళ మీదే. బూరెలొద్దమ్మా" అన్నాడు చివరికి.

జరిగింది ఇది. జట్కా ఎక్కుతూ వాళ్ల కోచ్ గారు మావయ్య చెయ్యి పట్టుకుని, "మీ పన్నెండో ఆటగాడు మీ అమ్మగారండీ. మా వాళ్లని ఇంట్లోనే ఓడించేశారు" అని నవ్వాడట. మంచి మనసుతో అన్న మాటే. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు, మావయ్యా నవ్వాడు. కానీ ఇంటికొచ్చే దారంతా ఆ మాట ఆయన్ని తినేసింది. "ఆళ్ళు పరిగెట్టలేకపోయేరమ్మా. ఇది నా గెలుపు కాదు" అన్నాడు. అమ్మమ్మ మూకుడు పక్కన పెట్టేసి పూర్ణం పళ్లెం మీద బుట్ట బోర్లించింది. తన వంటకి వంక పెట్టినవాళ్లని ఆవిడ జన్మలో చూడలేదు. అలాంటిది తన అన్నమే ఎదుటివాళ్లకి ఓటమి అయిందంటే ఆవిడ తట్టుకోలేకపోయింది. పైపిండి లేని ఆ పూర్ణం ఉండల్ని నేనే తిన్నాను. తియ్యగానే ఉన్నాయి గాని, ఇంట్లో అందరూ మౌనంగా ఉంటే తీపి కూడా దొంగతనం చేసినట్టుంటుంది.

కొన్ని రోజులకి, బియ్యం ఏరుతూ ఏరుతూ, అమ్మమ్మ చాట పక్కన పెట్టింది. "ఒరే సూర్యం, ఆళ్ళకి కబురెట్టు. మల్లీ రమ్మను. ఈపాలి ఆటయ్యేకే అన్నం."

మావయ్య ఆ మాట కోసమే కాచుకున్నట్టు తలెత్తాడు. తాతయ్య మాత్రం అదిరిపడ్డాడు. "పర్మనెంటు సేస్తానన్నారు కదే. సేతికొచ్చిందాన్ని కాలదన్నుకుంటారేటి?" ఆయన అన్నది నిజమే. నాకూ భయమేసింది. మావయ్య ఊరు విడిచి వెళ్లిపోతే ఈ సావిట్లో బంతులుండవు, ఆముదం వాసన ఉండదు అనుకుని ఏడుపొచ్చింది. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "గరిటితో వొచ్చిన గెలుపు నాకొద్దు. ఆడికీ వొద్దు" అంది. మావయ్య ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్లి, ఆ గెలుపు లెక్క వెయ్యొద్దని, మళ్లీ ఆడతామని చెప్పాడు. ఆయన కళ్లజోడు తీసి మావయ్యను ఎగాదిగా చూసి, "ఆడుకో. ఓడిపోయాక మాత్రం నా దగ్గరికి రాకు" అన్నారట.

వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి అమ్మమ్మ వాళ్లకి అరటిపళ్లు, నిమ్మకాయ నీళ్లు ఇచ్చి వంటింటి తలుపు దగ్గరికి వేసేసింది. తర్వాత చీర మార్చుకుని, నన్ను వెంటబెట్టుకుని గ్రౌండుకి బయల్దేరింది. ఆవిడ ఆట చూడడం అదే మొదలు. మగవాళ్లు జరిగి బెంచీ ఖాళీ చేశారు. ఆవిడ మాత్రం మన కుర్రాళ్లని చూడలేదు, వాళ్ల కాళ్లనే చూసింది. "ఎలగ పరిగెడతన్నారో సూడే. ఆ రోజు ఈ కాళ్ళకే నాను బందమేసేను" అంది నా చెవిలో. మన అప్పన్నని ఇద్దరేసి కాచుకుని కదలనివ్వలేదు. అయినా చివరిదాకా మనవాళ్లు వదల్లేదు. రెండు ఒకటితో ఓడిపోయాం.

ఆ రాత్రి రెండు జట్లకీ మా ఇంట్లోనే భోజనం. మొదటిసారి వండినవన్నీ మళ్లీ వండింది. ప్రెసిడెంటు గారిని మర్యాదకి పిలిస్తే ఆయన నిజంగానే వచ్చి భోజనాల బంతిలో కూర్చున్నారు. అందరి ముందూ ఆకులు, మావయ్య ముందు మాత్రం అంబలి గిన్నె. వాళ్ల కోచ్ గారు తెల్లబోయి, "ఇదేంటమ్మా?" అన్నాడు. "మా ఇంటి రూలు బాబూ. ఓడినోడికి అంబలి" అంది అమ్మమ్మ, ఆయన ఆకులో కూర వేస్తూ. మావయ్య పగలబడి నవ్వి గిన్నె ఎత్తి తాగేశాడు. ఆయన్ని అంత తేలిగ్గా, అంత హాయిగా నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఉద్యోగం పోలేదు. ఇంకో ఏడాది చూద్దామన్నారు. ఆ ఏడాదిలో విచిత్రంగా సముద్రపోళ్ళే తమంతట తాము మీ ఊరు వస్తామని కబురు పెట్టారు. పై ఏడూ పెట్టారు. ఆట, ఆ తర్వాత అన్నం. ఇద్దరూ సమానంగా ముగించిన సందర్భాలు ఉన్నాయి, అప్పుడు గారెలు వేగాయి. గెలవడం మాత్రం మళ్లీ జరగలేదు. అయినా ప్రెసిడెంటు గారు ఒకరోజు మావయ్యను పిలిచి, "పిలిచినా రాని జట్టు పిలవకుండా మన ఊరు వస్తోందంటే నీ వల్లే సూర్యం" అని కాగితం చేతిలో పెట్టారు. శృంగవరపుకోట అత్త మా ఇంటికొచ్చింది. అమ్మమ్మ నిండుగా బతికి వెళ్లిపోయింది. ఆ మొదటి గెలుపుని మాత్రం మా ఇంట్లో ఎవరూ గెలుపు అనలేదు. పనసపొట్టు ఆట అనేవాళ్లం.

ఇప్పుడు ఆ గ్రౌండు చుట్టూ కంచె ఉంది. బంతులకి లేసులు లేవు, ఆముదం అక్కర్లేదు. సాయంత్రం ఆడపిల్లలు బూట్లేసుకుని ఆడుతుంటే నేను వెళ్లి కూర్చుంటాను. నాకు నూతి దగ్గర నిలబడి వినడమే దొరికింది, వాళ్లకి ఆడడం దొరికింది. పాతరోజులే మంచివని నేనెప్పుడూ అనను. ఒక్క తువ్వాలూ, ఆ ప్రశ్నా ఉంటే చాలనిపిస్తుంది అప్పుడప్పుడు.

రామ్మూర్తిగారికి కాఫీ ఇచ్చాను. మాటల మధ్య మావయ్య నవ్వుతూ, "ఆ రోజు మా అమ్మ మిమ్మల్ని అన్నం పెట్టి పడగొట్టేసింది" అన్నాడు. ఆయన గ్లాసు కింద పెట్టి, "అదేంటి మాస్టారూ, మీరు కూడా అదే నమ్మారా?" అన్నాడు. మావయ్యకి అర్థం కాలేదు. "ఆ వయసులో రాళ్లు తిన్నా అరిగిపోయేవి. ఎక్కడికి వెళ్లినా పీకల్దాకా తినే ఆడేవాళ్లం. మీ ఎడం పక్క కుర్రాడు, పేరు మర్చిపోయాను, నన్ను రెండుసార్లు బోల్తా కొట్టించాడు. రెండో గోలు ఎలా పడిందో ఇప్పటికీ నాకు తెలీదు. ఊరెళ్లి ఆ మాట చెప్పుకోలేక పనసపొట్టు మీదికి తోసేశాం. రెండోసారి రమ్మన్నప్పుడు మా కోచ్ గారు ఆ ఒక్క కుర్రాణ్ణి ఎలా ఆపాలో రోజూ నేర్పించి మరీ తీసుకొచ్చారు. మొదటిసారి మీరు మామీద గెలిచింది ఆటతోనే మాస్టారూ."

మావయ్య కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "అప్పన్న. ఆడికి మొదట్లో బంతి ఆపడమే రాదు" అన్నాడు. ఇంకాసేపటికి, "మా అమ్మ ఉంటే బాగుణ్ణు" అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్లాను. శనగపప్పు కుక్కర్లో పెట్టాను. పైపిండికి ఫ్రిజ్‌లో దోసెల పిండి ఉంది, అమ్మమ్మ చూస్తే తిట్టేదే. పూర్ణం ఉండలు చేస్తుంటే నా చేతులు వాటంతట అవే ఆనాటి వరసలో పేర్చాయి. వేడివేడి బూరెలకి బొటనవేలితో చిల్లు పెట్టి, నెయ్యి పోసి, రెండు పళ్లేలు పట్టుకొచ్చాను. ఒకటి రామ్మూర్తిగారికి ఇచ్చాను. "ఓడినోళ్ళకి అంబలి కదమ్మా?" అన్నాడాయన. అతిథికి ఆ రూలు లేదన్నాను. రెండో పళ్లెం కోసం మావయ్య చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. భుజం మీద తువ్వాలు సర్దుకుని నిలబడ్డాను.

"ఎవులి మీద నెగ్గేవు మావయ్యా?"

మావయ్య నా మొహంలోకి చూశాడు. వీపు నిటారుగా పెట్టి, వీధి చివరిదాకా వినిపించేంత గొంతుతో చెప్పాడు.

"సముద్రపోళ్ళ మీద."

అప్పుడిచ్చాను పళ్లెం.